చేతులు వెనక్కి!

మా వదిన పేరు చెబితే మా శిక్షణ కేంద్రంలో సగం మందికి తెలియదు. "చేతుల మేడం" అనండి, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా వెనకున్న షెడ్డు వైపు చూపిస్తాడు. ఆవిడ అక్కడ పిల్లలకు ఇంటి వైరింగ్ నేర్పుతుంది. నేను ముందు గదిలో ఆఫీసు పని చూస్తాను. ఇంట్లోనూ ఆవిడే, ఆఫీసులోనూ ఆవిడే. ఆడపడుచు నోటి వెంట వదిన గురించి నాలుగు మంచి మాటలు వచ్చాయంటే అందులో ఎంతో కొంత నిజం ఉండే ఉంటుంది కాబట్టి, నేను చెప్పేది నమ్మవచ్చు.

వదిన వాళ్ళ నాన్న ఎలక్ట్రీషియన్. చిన్నప్పుడు బడి వదలగానే ఆయన వెంట పనులకు వెళ్ళేది. ఆవిడ పనల్లా టార్చి పట్టుకోవడం. మెయిన్ ఆపేస్తే గది చీకటి అవుతుంది కదా, ఆయన నిచ్చెన ఎక్కితే ఈవిడ కింద నిలబడి వెలుగు పట్టాలి. చెయ్యి నొప్పి పుట్టి వెలుగు కాస్త పక్కకు జరిగిందా, పైనుంచి అక్షింతలు పడేవి.

"వెలుగు నా చేతిమీద పడాలి. గోడకేం చూపిస్తావ్?"

అలా ఏళ్ళ తరబడి చూసి చూసి, తప్పు ఎక్కడుందో ఆయనకంటే ముందే చెప్పే స్థాయికి వచ్చింది. ఆయన మురిసిపోయేవాడు. "మా అమ్మాయి కన్నే కన్ను" అని పనికి పిలిచిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. స్క్రూడ్రైవర్ మాత్రం ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. చెడ్డవాడై కాదు, ఇవ్వాలని తట్టలేదంతే.

తరవాత వదిన ఇదే కేంద్రంలో వైరింగ్ కోర్సులో చేరింది. రాత పరీక్షలో ఆవిడే ఫస్టు. ప్రాక్టికల్లో తప్పింది. ఏ తీగ ఎక్కడికి పోవాలో అంతా తెలుసు. స్క్రూ బిగించబోతే డ్రైవర్ జారిపోయింది, తీగ మీది తొడుగు ఒలవబోతే లోపలి రాగి కూడా తెగి ఊడొచ్చింది. "గట్టు మీద కూచుని ఈత నేర్చుకున్నదాన్ని" అని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. అప్పుడు మాత్రం నవ్వలేదట, వారం రోజులు అన్నం సహించలేదట. మళ్ళీ ఏడాది రాసి గట్టెక్కింది, కొన్నాళ్ళు బయట పనులు చేసింది, ఆ తరవాత ఇక్కడికే టీచరుగా వచ్చింది.

ఈలోగా మా అన్నయ్యను చేసుకుంది. అన్నయ్య మందుల షాపులో పని చేస్తాడు. మాత్రల పేర్లు తప్ప వాడికేమీ తెలియదు కానీ, ఇంట్లో ఫ్యాను ఆగితే స్టూలెక్కేది వాడే. టార్చి పట్టుకునేది వదిన. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏం వదినా, ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోతానా?"

"పోనీలే. ఆయన సరదా ఆయనది. ఆయన దిగాక నేనెక్కి సరిచేస్తాగా" అనేది.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందట వైరింగ్ బ్యాచ్‌లో ఉన్న అమ్మాయిలు అందరూ రాత పరీక్షలో దంచేసి ప్రాక్టికల్లో బోర్లా పడ్డారు. ఒక్కరూ సొంతంగా బోర్డు పూర్తి చేయలేదు, ఎగ్జామినర్ చెయ్యేసి సాయం చేస్తే గానీ బల్బు వెలగలేదు. అలా సాయం చేస్తే ఆ పిల్ల తప్పినట్టే లెక్క. ప్రిన్సిపల్ గారు వైరింగ్ విభాగం పెద్దసారునీ, వదిననూ పిలిచారు. టీ ఇచ్చే మిషతో నేనూ లోపలికి వెళ్ళాను.

పెద్దసారు ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. "ఆడపిల్లలకు రాతపని అబ్బినట్టు చేతిపని అబ్బదండీ. శ్రద్ధ లేక కాదు, పాపం. ఆ సీట్లు అబ్బాయిలకిచ్చి వీళ్ళను కంప్యూటర్ విభాగానికి పంపేద్దాం" అన్నారు.

వదిన ఒక్క ఏడాది అడిగింది. బ్యాచ్ తనకివ్వమంది.

"సరే. ఈసారి అమ్మాయిల్లో ఒక్కరు తప్పినా వచ్చే ఏడాది నుంచి ఈ కోర్సులో వాళ్ళకి సీట్లుండవు. తరవాత నన్ననకండి" అన్నారు ప్రిన్సిపల్ గారు.

వదిన బయటికొచ్చి నేరుగా షెడ్డు వైపు నడిచింది. పాతికేళ్ళ కిందట ఇదే గదిలో ఇదే మాట అని ఉంటే ఈవిడ ఈ రోజు ఏ కౌంటరు వెనకో కూచుని ఉండేది.

షెడ్డులో ప్లైవుడ్‌తో కట్టిన ఉత్తుత్తి గదులుంటాయి. కిటికీల్లేని చిన్న గదులు, గోడమీద బోర్డు, పైన బల్బు హోల్డరు. మెయిన్ ఆపేసి ఇద్దరిద్దరు చొప్పున లోపలికి వెళ్ళి పని చెయ్యాలి. మొదటి రోజే వదిన అన్ని గదుల్లోకీ తొంగి చూసింది. ఎక్కడ అబ్బాయీ అమ్మాయీ జంటగా ఉన్నారో అక్కడల్లా డ్రైవర్ అబ్బాయి చేతిలో ఉంది, టార్చి అమ్మాయి చేతిలో ఉంది. పని అయ్యాక తీగల బొమ్మ గీసి రాసేది కూడా అమ్మాయే. "దస్తూరి బాగుంటుంది కదా మేడం" అని సమాధానం.

ఆవిడ కోప్పడలేదు. అందరినీ నేలమీద గుండ్రంగా కూచోబెట్టి తనూ కూచుంది. "మీ ఇళ్ళల్లో ఏదైనా పాడైతే బాగుచేసేది ఎవరు, టార్చి పట్టేది ఎవరు? ఒక్కొక్కరే చెప్పండి" అంది. ఆ వేళ పాఠం అదే. అమ్మాయిలందరూ టార్చివాళ్ళే. ఒకమ్మాయి, చెయ్యి లాగుతోందంటే వాళ్ళ అన్న మొట్టికాయ వేశాడని చెప్పింది. ఒకబ్బాయి మాత్రం వాళ్ళ నాయనమ్మ పొయ్యి విప్పి బాగుచేస్తుంటే టార్చి తనే పట్టేవాణ్ణని, ఆవిడ తిట్లకు తట్టుకోలేక ఈ కోర్సులో చేరానని చెప్పాడు. అందరూ పడీ పడీ నవ్వారు. చివరికి వదిన తను ప్రాక్టికల్ తప్పిన కథ చెప్పింది. టీచరు పరీక్ష తప్పడమేమిటని పిల్లలు నోళ్ళు తెరిచారు.

మాటలు బాగానే ఉన్నాయి, పని దగ్గరకొచ్చేసరికి మళ్ళీ మామూలే. అమ్మాయిలను విడదీసి వాళ్ళ మట్టుకు వాళ్ళకు రెండు గదులిచ్చింది. వారం తిరక్కుండానే వాళ్ళల్లో ఒకమ్మాయి డ్రైవర్ చేతబట్టి పెత్తనం మొదలెట్టింది, మిగతా వాళ్ళు ఆ పిల్లకు టార్చి పట్టారు. ఆ పిల్లకు దొరసాని అని పేరు కూడా పెట్టారు. అబ్బాయిలు పోయారు గానీ టార్చి పోలేదు.

సరే, మళ్ళీ అందరినీ కలిపేసింది. వంతులు పెట్టింది. ఇవాళ డ్రైవర్ పట్టినవాళ్ళు రేపు టార్చి పట్టాలి. ఇదైనా కుదిరిందా అంటే, అక్కడ ఇంకో తిరకాసు వచ్చింది. ఆ సంగతి చెప్పింది నేనే.

ఒకరోజు సంతకం కావాల్సొచ్చి షెడ్డుకు వెళ్ళాను. నిదానం అని పిలిచే అమ్మాయి వంతు నడుస్తోంది. ఆ పిల్ల ఏ పని చేసినా నాలుగుసార్లు చూసుకుని గానీ చెయ్యి కదపదు, అందుకే ఆ పేరు. స్క్రూ తిప్పుతోంది, ఆగుతోంది, మళ్ళీ చూస్తోంది. వదిన పక్కనే నిలబడి గుటకలు మింగుతోంది. చివరికి ఉండబట్టలేక "ఇలా ఇవ్వు" అని డ్రైవర్ తీసుకుని టకటకా బిగించేసి "చూశావా, ఇంతే!" అంది. నిదానం తల ఊపింది. ఊపుతూ ఊపుతూనే కింద పెట్టిన టార్చి తీసి వెలుగు పట్టింది. ఎవరూ పట్టమనలేదు. దాని చెయ్యి దానంతటదే వెళ్ళింది.

ఆ సాయంత్రం బట్టలు మడత పెడుతూ అనేశాను.

"అబ్బాయిలు లాక్కుంటున్నారు, దొరసాని లాక్కుంటోంది అంటావు. ఇందాక లాక్కున్నది ఎవరు వదినా?"

"నేనా? నేను చూపించాను."

"మీ నాన్న కూడా నీకు చూపించాడుగా!"

మడత పెట్టిన దుప్పటి నా మీదకు విసిరేసి లోపలికి పోయింది. రెండు రోజులు నాతో పలకలేదు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో టీలో పంచదార ఎవరు వేయాలో తెలియక అన్నయ్య చప్పటి టీ తాగాడు. వాడికి ఈ గొడవేమీ తెలియదు, పాపం.

మూడో రోజు షెడ్డులో కొత్త పద్ధతి పెట్టింది. బోర్డు ఎవరి వంతో వాళ్ళదే. పక్కవాడు టార్చి స్టాండుకి తగిలించి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలి. తప్పు కనబడితే ప్రశ్న అడగొచ్చు, అంతే. తప్పు ఇక్కడుందని చెప్పకూడదు, వేలు పెట్టకూడదు. ఎక్కడుందని పిల్లలు అడిగితే వదిన "నేను చెప్పను, నువ్వే వెతుక్కో" అనేది. ఎవరైనా చెయ్యి చాస్తే బోర్డు ముందున్నవాళ్ళు "చేతులు!" అని గట్టిగా అనాలి. అన్న మరుక్షణం చాచిన చెయ్యి వెనక్కి పోవాలి.

"ఎవరు చాచినా అనాలా మేడం?" అని అడిగింది దొరసాని.

"ఎవరు చాచినా. నేను చాచినా సరే. ఒక్క కరెంటు షాకు కొట్టేలా ఉంటేనే నేను ముట్టుకుంటాను. అప్పుడు కూడా బోర్డును కాదు, మెయిన్‌ను" అంది వదిన.

మొదట్లో అందరికంటే అవస్థ పడ్డది మెరుపు అనే కుర్రాడు. క్లాసంతటికీ వేగంగా చేసేది వాడే. చేతులు వెనక్కి పెట్టుకుంటే వాడికి ఊపిరాడేది కాదు. "టైమ్ వేస్ట్ మేడం, నాకొచ్చుగా" అన్నాడు. "వస్తే ప్రశ్న అడుగు" అంది వదిన. వాడు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి నీళ్ళు నమిలాడు. ఏ తీగ ఎక్కడ పెట్టాలో వాడి వేళ్ళకు తెలుసు, ఎందుకు పెట్టాలో వాడికే తెలియదు. ఆ రోజు నుంచి వాడు రాత పుస్తకం కూడా తెరిచాడు. దస్తూరి కోడి గెలికినట్టుండేది గానీ, బొమ్మ తనే గీసుకునేవాడు.

వదినకు మాత్రం ఇది పెద్ద శిక్షే. పని వచ్చిన చేతులు ఊరుకోవు. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని వెనక్కి పెట్టుకుని తిరిగేది. అయినా అలవాటున చెయ్యి ముందుకొచ్చేది. ఆవిడను మొదట "చేతులు!" అన్నది ఎవరనుకున్నారు? నిదానం. అనేసి తనే బిక్కచచ్చిపోయింది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుని "క్షమించు. నీ బోర్డు" అంది. అప్పుడే లోపలికొచ్చిన పెద్దసారు ముక్కున వేలేసుకున్నారు.

"ఏమిటమ్మా ఇది? టీచర్నే అదిలిస్తున్నారు! రేపు నెత్తికెక్కి కూచుంటారు."

"కూచోరండి. వాళ్ళ బోర్డు ముందు వాళ్ళు నిలబడతారు, అంతే."

ఆయన తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయారు. పరీక్ష దగ్గర పడుతోంది, సిలబస్ ఇంకా మిగిలే ఉంది, పిల్లలేమో నిదానంగా చేస్తున్నారు. ఆ నెలలో వదినకు నిద్ర సరిగా లేదని నాకు తెలుసు. ఒకనాడు స్టూలెక్కిన మా అన్నయ్యను కూడా "తప్పెక్కడుందో చెప్పండి, తరవాత ముట్టుకోండి" అని నిలదీసింది. వాడు ఫ్యాను వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, దిగొచ్చి టార్చి పట్టుకున్నాడు. కాసేపటికి "అబ్బ, చెయ్యి లాగుతోందే" అన్నాడు. నేను వంటింట్లోకి పోయి కడుపు పట్టుకుని నవ్వాను.

ప్రాక్టికల్ పరీక్ష రోజు టీచర్లు హాల్లోకి రాకూడదు. సంతకాలు తీసుకోవడానికి నేను లోపల మూల బల్ల దగ్గర కూచున్నాను. వదిన బయట, తలుపుకున్న అద్దం అవతల. ఎగ్జామినర్ గారు వేరే ఊరి నుంచి వచ్చారు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, తరచూ గడియారం చూసుకుంటున్నారు.

ఇచ్చిన పని మెట్ల లైటు. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు, ఎక్కడ నొక్కినా ఒకటే బల్బు వెలగాలి, ఆరాలి. క్లాసులో ఎప్పుడూ రెండు స్విచ్చుల మధ్య పసుపు తీగలు వేయిస్తుంది వదిన, కరెంటు తెచ్చేదానికి ఎర్ర తీగ, తిరిగి పోయేదానికి నల్ల తీగ. ఆ రోజు స్టోరులో పసుపు తీగ చివరి బోర్డు దాకా రాలేదు. చివరి బోర్డు నిదానానిది. "ఎరుపే ఉందమ్మా, పసుపు బదులు అదే వాడుకో" అని స్టోరు అతను చుట్ట ఇచ్చి వెళ్ళాడు. ఆ పిల్ల సరేనంది. అద్దం అవతల ఉన్న వదినకు గానీ, హాలు ఆ చివర ఉన్న ఎగ్జామినర్ గారికి గానీ ఈ సంగతి తెలియదు.

దొరసానీ, మిగతా అమ్మాయిలూ పూర్తి చేసి బయటికెళ్ళారు. మెరుపు సరేసరి. చివరికి హాల్లో నిదానం ఒక్కతే మిగిలింది. బిగించింది, చూసుకుంది, స్విచ్చు నొక్కింది.

బల్బు వెలగలేదు.

ఎగ్జామినర్ గారు నిట్టూర్చారు. మెయిన్ ఆపించి దగ్గరకెళ్ళారు. "కంగారు పడకమ్మా" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "పై స్విచ్చులో తప్పుంది చూడు. ఎర్ర తీగ వెళ్ళాల్సిన చోటు అది కాదు. ఇలా ఇవ్వు, ఒక్క నిమిషం" అని డ్రైవర్ కోసం చెయ్యి చాచారు.

నేను తలుపు వైపు చూశాను. అద్దానికి ముఖం ఆనించి ఉంది వదిన. ఆవిడ చూపు కూడా సరిగ్గా ఆ పై స్విచ్చు మీదే ఉంది. తప్పు ఆవిడకూ కనబడిందన్నమాట. ఒక్క సైగ చేస్తే చాలు, కన్నెత్తితే చాలు, నిదానం అర్థం చేసుకుంటుంది. సైగ చెయ్యి వదినా అని నాలో నేనే మొత్తుకున్నాను, సిగ్గులేకుండా. సీట్లు పోతాయే! వదిన కదల్లేదు.

"చేతులు!" అంది నిదానం.

ఎగ్జామినర్ గారి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

ఆ పిల్ల డ్రైవర్‌ను గుండెలకు అదిమి పట్టుకుంది. "ఇది నా బోర్డు సార్. తప్పుంటే నేనే వెతుక్కుంటాను. టైముంది కదా సార్, ఇంకా?"

ఆయన ముఖం ఎర్రబడింది. గడియారం చూశారు. టైముంది. ఒక అడుగు వెనక్కి వేసి, అద్దానికీ బోర్డుకూ మధ్య అడ్డంగా నిలబడ్డారు.

నిదానం, తీగ సరిగా కలిస్తే కూతపెట్టే మీటరు తీసుకుని మొదటి నుంచి మొదలెట్టింది. కరెంటు వచ్చే చోటు నుంచి ఒక్కో ముక్కే చూసుకుంటూ వచ్చింది. కింది స్విచ్చు బాగానే ఉంది. మధ్య తీగలు బాగానే ఉన్నాయి. పై స్విచ్చు, ఇద్దరు పెద్దవాళ్ళు తప్పనుకున్న పై స్విచ్చు, అది కూడా బాగానే ఉంది. నాకు కూచోవడం చేతకాలేదు. చివరికి హోల్డరు దగ్గరికి వచ్చింది, మీటరు పలకలేదు. విప్పి చూసింది. నల్ల తీగను తొడుగు సరిగా ఒలవకుండా బిగించింది, స్క్రూ కింద పడ్డది రాగి కాదు, తొడుగు. ఒలిచి, మళ్ళీ బిగించి, ఎప్పటిలాగే నాలుగుసార్లు చూసుకుంది. ఎగ్జామినర్ గారి చేతులు ఎప్పుడు వెళ్ళాయో గానీ, వెనక్కి వెళ్ళి ఉన్నాయి.

మెయిన్ వేయించింది. బల్బు వెలిగింది. పైన నొక్కితే ఆరింది, కింద నొక్కితే వెలిగింది.

ఫలితాలొచ్చాక ప్రిన్సిపల్ గారు మాట నిలబెట్టుకున్నారు, అమ్మాయిల సీట్లు ఉండిపోయాయి. ఎగ్జామినర్ గారు కాగితం మీద "సొంతంగా పూర్తి చేసింది" అని రాసి, కింద "మాట తీరు మార్చుకోవాలి" అని కూడా రాశారు. పెద్దసారు ఆ రెండో వాక్యాన్నే ఏడాది పొడుగునా చదివి వినిపించారు. కానీ నాకు గుర్తుండిపోయింది ఇవేవీ కాదు.

నిదానం, దాని వెనకే నేను బయటికొచ్చేసరికి వదిన ఇంకా అద్దం దగ్గరే ఉంది. ఎడమ మణికట్టు మీద నాలుగు వేళ్ళ అచ్చు ఎర్రగా పడి ఉంది. అంత గట్టిగా పట్టుకుందన్నమాట తన చేతిని తనే. కళ్ళల్లో నీళ్ళు ఆపుకోకుండానే అడిగింది.

"పై స్విచ్చేగా? ఎలా కనిపెట్టావే?"

"పై స్విచ్చు కాదు మేడం. అది కరెక్టే. పసుపు లేదని ఎరుపు వేశాను."

వదిన తన మణికట్టు వైపు చూసుకుంది. తను ఒక్క సైగ చేసి ఉంటే ఆ పిల్ల సరిగ్గా ఉన్నదాన్ని విప్పుకుని కూచునేది. అది ఆవిడకు తెలిసింది, ఆవిడకు తెలిసినట్టు నాకూ తెలిసింది.

"మరి తప్పెక్కడుంది?"

నిదానం చెమట తుడుచుకుంది. నా వైపోసారి, వదిన వైపోసారి చూసింది. ఏడాదంతా షెడ్డులో విన్న మాటే, అదే గొంతుతో అంది.

"నేను చెప్పను మేడం. మీరే వెతుక్కోండి."